విరళ మృత్తిక మూలకాల సంయోజకతపై పరిసర లోహాల ప్రభావం: కోనసీమ నల్ల ఇసుక నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గోదావరి పాయలు సముద్రంలో కలిసే కోనసీమ తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం కొద్ది మోతాదులో ఉంటుంది. భారతదేశంలో విరళ మృత్తిక మూలకాలకు ప్రధానాధారం ఈ ఖనిజమే. ఈ సంపదను సాధారణంగా టన్నులలో లెక్కిస్తారు. అయితే ఈ మూలకాలలో కొన్నింటి సంయోజకత స్థిరమైనది కాదు. చుట్టూ ఉన్న పరమాణువులను బట్టి, ప్రత్యేకించి పక్కనున్న లోహాన్ని బట్టి అది మారుతుంది. ఈ విషయం ఏ క్రమంలో వెల్లడైందో, అందులో వాల్తేరు, ముంబై పరిశోధకుల పాత్ర ఏమిటో, మోనజైట్‌లోని విరళ మృత్తికలలో దాదాపు సగభాగమైన సీరియం అయస్కాంతాల తయారీలో ఎందుకు వెనుకబడిందో ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, నల్ల ఇసుక, మోనజైట్, సీరియం, యూరోపియం, సంయోజకత, మిశ్రమలోహాలు, అయస్కాంతాలు.

1. ఉపోద్ఘాతం

ఒక మూలకపు పరమాణువు బంధాలు ఏర్పరచుకోవడానికి వినియోగించే ఎలక్ట్రాన్ల సంఖ్యను స్థూలంగా సంయోజకత అంటారు. సోడియానికి 1, మెగ్నీషియానికి 2, అల్యూమినియానికి 3 అని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఈ పద్ధతిలో సంయోజకత ఆ మూలకానికి పుట్టుకతో వచ్చిన గుణంగా, ఎక్కడికి వెళ్ళినా మారని లక్షణంగా కనిపిస్తుంది. విరళ మృత్తిక మూలకాల చరిత్ర ఈ అభిప్రాయాన్ని సవరించింది.

లాంథనం మొదలు లుటీషియం వరకు గల 15 మూలకాలు, వాటితో పోలిక గల స్కాండియం, ఇట్రియం కలిసి మొత్తం 17 మూలకాలను విరళ మృత్తికలు అంటారు. పేరులో ‘విరళ’ అని ఉన్నా ఇవన్నీ అరుదైనవి కావు. భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత మేర ఉంది. ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండడం, విడదీయడం కష్టం కావడం వల్ల వీటికి ఆ పేరు స్థిరపడింది.

వీటిలో చాలావాటి పరమాణువుల లోపలి పొరలో 4ఎఫ్ అనే ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఇవి కేంద్రకానికి దగ్గరగా ఒదిగి ఉండి సాధారణంగా బంధాలలో పాల్గొనవు. బయటి 3 ఎలక్ట్రాన్లే ఆ పని చేస్తాయి. అందువల్ల ఈ మూలకాలలో అత్యధికం త్రిసంయోజకాలు. కాని వరుస మొదట్లో ఉన్న సీరియం తన ఏకైక 4ఎఫ్ ఎలక్ట్రాన్‌ను కూడా వదులుకొని 4 సంయోజకతకు చేరగలదు. యూరోపియం 7 ఎలక్ట్రాన్లతో సగం నిండిన పొరను, ఇటెర్బియం 14 ఎలక్ట్రాన్లతో పూర్తిగా నిండిన పొరను నిలుపుకోవడానికి 2 సంయోజకత వైపు మొగ్గుతాయి. సమారియం, థూలియం కూడా కొన్ని పరిస్థితులలో ఇదే దారి పడతాయి. ఈ మూలకాలు ఏ సందర్భంలో ఏ సంయోజకతను ఎంచుకుంటాయన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. కోనసీమ తీరం – నల్ల ఇసుక

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయం చీల్చుకుంటూ పోయే డెల్టా భూమి కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు దీనిలోని ప్రధాన భాగాలు. 2022లో ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఈ నేల నదీ సముద్రాల ఉమ్మడి నిర్మాణం. నది తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డున దిబ్బలుగా పేర్చాయి. సముద్రం వెనుకకు జరిగిన కొద్దీ పాత దిబ్బలు భూభాగం లోపల మిగిలిపోయాయి. ఆ ఎత్తయిన దిబ్బల మీద ఊళ్ళు, కొబ్బరి తోటలు వెలిశాయి. వాటి నడిమి పల్లాలు వరిచేలయ్యాయి.

గోదావరి తెచ్చే ఇసుకలో రెండు వంశాల ఖనిజాలు ఉన్నాయి. దక్కను పీఠభూమి నల్లరాతి నుంచి మాగ్నటైట్, ఆగైట్ వంటివి వస్తాయి. శబరి, సీలేరు నీళ్ళు కడిగి తెచ్చే తూర్పు కనుమల ఖొండలైట్, చార్నొకైట్ శిలల నుంచి గార్నెట్, సిల్లిమనైట్, ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ వస్తాయి. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ నీటికంటె సుమారు 2.65 రెట్లు బరువైనది. మోనజైట్ సుమారు 5 రెట్లు బరువైనది. అల వెనక్కి మళ్ళేటప్పుడు తేలికైన రేణువులను లాక్కుపోతుంది, బరువైనవి ఒడ్డునే నిలిచిపోతాయి. ఏళ్ళ తరబడి సాగే ఈ జల్లెడ వల్లనే అంతర్వేది, ఓడలరేవు వంటి చోట్ల తెల్ల ఇసుక మధ్య నల్లని చారలు కనిపిస్తాయి. ఆ నలుపు ప్రధానంగా ఇల్మనైట్, మాగ్నటైట్‌లది. పసుపుపచ్చ, తేనెరంగు మోనజైట్ రేణువులు అందులో కొద్దిపాళ్ళే.

ఆంధ్ర తీరపు మోనజైట్ మీద శాస్త్రీయ దృష్టి పడడంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానిది ముందువరుస. సి.వి. రామన్ బృందంలో పనిచేసిన సి. మహాదేవన్ 1941లో అక్కడ భూగర్భశాస్త్ర శాఖను ఆరంభించారు. ఆయన, ఎ. శ్రీరామదాసు కలిసి విశాఖపట్నం జిల్లా తీరపు ఇసుకలోని మోనజైట్‌పై 1948లో పరిశోధన పత్రం ప్రకటించారు. తరువాతి కాలంలో హైదరాబాదు కేంద్రంగా గల అణు ఖనిజాల డైరెక్టరేట్ తీరమంతటా అన్వేషణ జరిపింది. ఆ సంస్థ గత దశాబ్దంలో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలోని మోనజైట్ నిల్వ సుమారు 119 లక్షల టన్నులు. అందులో దాదాపు 37 లక్షల టన్నులు, అంటే ఏ ఇతర రాష్ట్రానికీ లేనంత వాటా, ఆంధ్రప్రదేశ్‌ది.

3. కొబ్బరి పీచు నుంచి అణుశక్తి దాకా

భారతీయ మోనజైట్ చరిత్ర ఆంధ్రలో కాక తిరువాన్కూరులో మొదలైంది. అయితే దానికి కారణమైన వస్తువు కోనసీమవాసులకు అతిపరిచితమైన కొబ్బరి పీచు. తిరువాన్కూరు నుంచి జర్మనీకి ఎగుమతైన పీచుకు అంటుకొని వెళ్ళిన ఇసుకలో మెరిసే రేణువులను 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త మోనజైట్‌గా గుర్తించాడు. ఆ ఇసుక మూలాన్ని వెదుక్కుంటూ వచ్చి మనవాళకురిచ్చి తీరంలో పరిశ్రమ నెలకొల్పాడు.

ఆనాటి యూరప్‌కు మోనజైట్ కావలసింది దీపాల కోసం. ఆస్ట్రియా రసాయనవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1891లో రూపొందించిన గ్యాస్ మాంటిల్‌లో 99 పాళ్ళు థోరియం ఆక్సైడ్, 1 పాలు సీరియం ఆక్సైడ్ ఉంటాయి. శుద్ధ థోరియం ఆక్సైడ్ మాంటిల్ వెలుగు మందంగా ఉంటుంది. ఒక్క పాలు సీరియం చేరితే కళ్ళు చెదిరే కాంతి వస్తుంది. సీరియం పాలు మరీ పెంచితే కాంతి మళ్ళీ తగ్గుతుంది. కరెంటు రాని రోజుల్లో తెలుగు పల్లెల పెళ్ళిపందిళ్ళను, నాటకాల రంగస్థలాలను వెలిగించిన పెట్రోమాక్స్ దీపాలు ఈ మాంటిల్ సంతతివే. అంటే సీరియం తానొక్కటిగా ఏమిటన్నదానికంటె దేని నడుమ, ఎంత పాలులో ఉన్నదన్నదే అక్కడ ఫలితాన్ని నిర్ణయించింది. అదే శాస్త్రవేత్త 1903లో సీరియం ప్రధానంగా గల విరళ మృత్తిక లోహమిశ్రమానికి సుమారు మూడో వంతు ఇనుము చేర్చి, గీస్తే నిప్పురవ్వలు రాలే చెకుముకి లోహాన్ని తయారుచేశాడు. సిగరెట్ లైటర్లలోని ‘రాయి’ అదే. మెత్తని సీరియం పక్కకు ఇనుము చేరితే పెళుసైన, కొత్త గుణాల పదార్థం పుట్టడం పరిశ్రమకు అప్పుడే తెలిసింది. దాని వెనుక ఎలక్ట్రాన్ల కథ తెలియడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

1940లలో అణుశక్తి ముందుకు రావడంతో మోనజైట్‌లోని థోరియానికి వ్యూహాత్మక విలువ వచ్చింది. 1950 ఆగస్టు 18న ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది. 1952 డిసెంబరు 24న ఆల్వేలోని కర్మాగారాన్ని జవహర్‌లాల్ నెహ్రూ జాతికి అంకితం చేశారు. దాంతో విరళ మృత్తిక సమ్మేళనాల ఉత్పత్తి దేశంలో పారిశ్రామిక స్థాయికి చేరింది.

4. వాల్తేరు ప్రయోగశాల: ద్రావణంలో సీరియం

మోనజైట్ ఒక ఫాస్ఫేట్. అందులో సీరియం చుట్టూ ఆక్సిజన్ పరమాణువులుంటాయి, దాని సంయోజకత 3. ఆ సీరియాన్ని వేరుచేసి గాలిలో కాలిస్తే 4 సంయోజకత గల ఆక్సైడ్ వస్తుంది. దాన్ని ఆమ్లంలో కరిగించగా వచ్చే ద్రావణం బలమైన ఆక్సీకరణ కారకం. పోయిన ఎలక్ట్రాన్‌ను ఎదుటి పదార్థం నుంచి తిరిగి లాక్కొని సీరియం మళ్ళీ 3కు దిగుతుంది. 1928లో అమెరికాలో విల్లార్డ్, ఫర్మన్ వేర్వేరుగా ఈ గుణాన్ని రసాయన విశ్లేషణకు వినియోగించారు.

ఈ లాక్కునే బలాన్ని వోల్టులలో కొలవవచ్చు. పెర్‌క్లోరిక్ ఆమ్లంలో అది సుమారు 1.70, నత్రికామ్లంలో 1.61, గంధకామ్లంలో 1.44, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 1.28 వోల్టులు. మూలకం ఒక్కటే, జరిగే మార్పూ ఒక్కటే. మారినది సీరియం అయాను చుట్టూ చేరిన అణువుల గుంపు మాత్రమే. గంధకామ్లపు సల్ఫేట్లు నాలుగు సంయోజకతల సీరియాన్ని గట్టిగా చుట్టుముట్టి స్థిరపరుస్తాయి, అందువల్ల అది ఎలక్ట్రాన్ కోసం అంతగా తహతహలాడదు. పరిసరాలే సంయోజకతను నియంత్రిస్తాయన్న సూత్రానికి ఇది ద్రావణ రూపంలోని సాక్ష్యం.

ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖలో గండికోట గోపాలరావు నడిపిన పరిశోధక బృందం ఈ రంగంలో అంతర్జాతీయ ఖ్యాతి గడించింది. సీరియం, వెనేడియం వంటి మూలకాలు ఒక సంయోజకత నుంచి మరొకదానికి మారే చర్యల ఆధారంగా వారు అనేక అంశమాపన పద్ధతులు రూపొందించారు. ఫాస్ఫారిక్ ఆమ్లం వంటి మాధ్యమాన్ని ఎంచుకొని, మామూలుగా సాధ్యం కాని చర్యలను సాధ్యం చేయడం వారి ప్రత్యేకత. అదే శాఖలో బి.ఎస్.వి. రాఘవరావు థోరియాన్ని విరళ మృత్తికల నుంచి వేరుచేసే విశ్లేషణ పద్ధతులపై కృషి చేశారు. ఈ విధంగా తూర్పుతీరపు ఇసుకలో మోనజైట్‌ను గుర్తించిన పని, దానిలోని మూలకాల సంయోజకతను అదుపుచేసే పని ఒకే ప్రాంగణంలో సాగాయి.

5. లోహాల నడుమ సంయోజకత

ద్రావణంలో ఆమ్లం చేసే పనిని ఘనపదార్థంలో పక్కనున్న లోహం చేయగలదా అన్న ప్రశ్నకు సమాధానం నెమ్మదిగా వచ్చింది. 1937లో జర్మనీకి చెందిన క్లెమ్, బొమ్మర్ విరళ మృత్తిక లోహాల స్ఫటికాలను, అయస్కాంత గుణాలను వరుసగా పరీక్షించారు. వరుస వెంట పరమాణువుల పరిమాణం క్రమంగా తగ్గుతుండగా యూరోపియం, ఇటెర్బియం మాత్రం అసాధారణంగా పెద్దవిగా కనిపించాయి. సమ్మేళనాలలో సర్వసాధారణంగా 3 సంయోజకత చూపే ఇవి శుద్ధలోహ స్థితిలో 2 సంయోజకతతో ఉన్నాయని దీని అర్థం. అంటే చుట్టూ తమవంటి పరమాణువులే ఉన్నప్పుడు ఒక సంయోజకత, ఇతరులు చేరినప్పుడు మరొకటి.

సీరియం మరింత విచిత్రంగా ప్రవర్తించింది. దానిపై పీడనం పెంచుతూ పోతే ఒక దశలో ఘనపరిమాణం ఒక్కసారిగా పడిపోవడాన్ని అమెరికా భౌతికశాస్త్రవేత్త బ్రిడ్జ్‌మన్ 1927లో గమనించాడు. 1949లో లాసన్, టాంగ్ ఎక్స్-కిరణాలతో పరీక్షించి, పరమాణువుల అమరిక మారకుండానే స్ఫటికం సుమారు 15 శాతం కుంచించుకుపోతున్నదని చూపారు. ఇల్లు అదే, గదుల వరుస అదే, గోడలు మాత్రం దగ్గరకు జరిగాయి. 4ఎఫ్ ఎలక్ట్రాన్ బంధంలోకి తరలడమే దీనికి కారణమని మొదట భావించారు. 1974లో స్వీడన్‌కు చెందిన యోహాన్సన్ దీనిని సవరించి, ఆ ఎలక్ట్రాన్ పరమాణువును విడిచి పోవడం లేదని, ఒంటరితనం మాని పొరుగు పరమాణువులతో కలిసిపోతున్నదని వాదించాడు. లోహంలో సంయోజకత పూర్ణాంకం కానక్కరలేదన్న భావన ఈ చర్చలలో బలపడింది.

1970లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, రామన్ వద్ద శిక్షణ పొందిన ఎ. జయరామన్, సహచరులు సమారియం సల్ఫైడ్‌పై ప్రయోగం చేశారు. నల్లని ఆ పదార్థం సుమారు 6.5 కిలోబార్ల పీడనం వద్ద బంగారు వన్నె గల లోహంగా మారింది. సమారియం సంయోజకత 2 నుంచి 3 వైపు జరగడమే ఆ రంగుమార్పుకు మూలం. ఒకే పరమాణువు రెండు సంయోజకతల మధ్య ఊగిసలాడే స్థితికి ‘మిశ్రమ సంయోజకత’ అన్న పేరు ఈ దశకంలోనే స్థిరపడింది.

పీడనంతో సాధించినదాన్ని పొరుగు లోహాన్ని మార్చి సాధించవచ్చునని చూపిన ఉదాహరణలలో యూరోపియం సిలిసైడ్ల వరుస ప్రధానమైనది. ఒక పాలు యూరోపియం, రెండు పాళ్ళు మరొక లోహం, రెండు పాళ్ళు సిలికాన్ గల ఈ సమ్మేళనాలన్నింటి స్ఫటిక నిర్మాణం ఒక్కటే. ఆ మరొక లోహం వెండి లేదా బంగారం అయితే యూరోపియం సంయోజకత 2. ఇనుము లేదా కోబాల్ట్ అయితే దాదాపు 3. రాగి అయితే ఉష్ణోగ్రతతో పాటు మెల్లగా మారే నడిమి విలువ. ఈ రాగి సమ్మేళనపు స్వభావాన్ని 1973లో మోస్‌బావర్ పద్ధతి ద్వారా వెల్లడించారు. గామా కిరణాల ఆధారంగా కేంద్రకం చుట్టూ గల ఎలక్ట్రాన్ సాంద్రతను చదివే పద్ధతి ఇది.

ఈ వరుసలో పెలేడియం సమ్మేళనాన్ని ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు ఇ.వి. సంపత్‌కుమారన్, ఎల్.సి. గుప్తా, ఆర్. విజయరాఘవన్, సహచరులు 1981లో పరిచయం చేశారు. మామూలు ఉష్ణోగ్రత వద్ద అందులో యూరోపియం 2కు దగ్గరగా ఉంటుంది. చల్లబరుస్తూ పోతే 150 కెల్విన్ల పరిసరాలలో, స్వల్ప ఉష్ణోగ్రతా వ్యవధిలోనే 3కు చేరువవుతుంది. ఈ సమ్మేళనం నేటికీ ప్రపంచ ప్రయోగశాలల్లో పరీక్షకు నిలిచే ఆదర్శ ఉదాహరణ.

పొరుగు లోహం ఈ ప్రభావాన్ని ఎలా చూపుతుంది? ఇందులో రెండు కారణాలు ముడిపడి ఉన్నాయి. మొదటిది చోటు. 4ఎఫ్ పొరలో ఎలక్ట్రాన్ ఎక్కువైతే పరమాణువు పెద్దదవుతుంది, పొరుగు పరమాణువులు చిన్నవై ఇరుకు చేస్తే ఆ ఎలక్ట్రాన్‌ను బయటకు నెట్టడమే లాభం. రెండవది బంధబలం. నికెల్, పెలేడియం వంటి లోహాలు అదనపు ఎలక్ట్రాన్‌తో గట్టి బంధం ఏర్పరచగలవు. ఆ బంధం వల్ల విడుదలయ్యే శక్తి, ఎలక్ట్రాన్‌ను లోపలి పొర నుంచి కదిలించడానికయ్యే ఖర్చును మించితే సంయోజకత మారుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన మీడెమా, సహచరులు 1979లో ఇటెర్బియం, సీరియం మిశ్రమలోహాలకు ఈ జమాఖర్చు లెక్కను వర్తింపజేసి, ఏ లోహం పక్కన ఏ సంయోజకత నిలుస్తుందో ముందుగా అంచనా వేసే మార్గం చూపారు.

6. అయస్కాంతాలు – సీరియం సమస్య

ఈ చర్చ ప్రయోగశాలలకే పరిమితం కాలేదు. 1960ల చివర సమారియం–కోబాల్ట్ అయస్కాంతాలు, 1980లలో నియోడిమియం–ఇనుము–బోరాన్ అయస్కాంతాలు వచ్చాయి. విద్యుత్ వాహనాల మోటార్లు, గాలిమరలు, క్షిపణి భాగాలు నేడు వీటిపై ఆధారపడుతున్నాయి. వీటిలో విరళ మృత్తిక మూలకపు 4ఎఫ్ ఎలక్ట్రాన్లు అయస్కాంతత్వాన్ని ఒక దిశలో కట్టిపడేస్తాయి. ఇనుము లేదా కోబాల్ట్ దానికి బలాన్నిస్తుంది. సమారియం, నియోడిమియం ఈ లోహాల పక్కన కూడా 3 సంయోజకతను నిలుపుకొని తమ 4ఎఫ్ ఎలక్ట్రాన్లను కాపాడుకుంటాయి.

సీరియం అలా కాపాడుకోలేదు. దానికున్నది ఒకే ఒక్క 4ఎఫ్ ఎలక్ట్రాన్. ఇనుము, కోబాల్ట్ పొరుగున ఆ ఒక్కటీ బంధాలలోకి జారిపోయి, సీరియం 3కు 4కు నడుమ నిలుస్తుంది. నియోడిమియం స్థానంలో సీరియం చేర్చిన ఇనుము–బోరాన్ సమ్మేళనంలో సీరియం సంయోజకత సుమారు 3.44 అని 1993లో అమెరికా పరిశోధకులు కొలిచారు. ఫలితం స్పష్టం. నియోడిమియం సమ్మేళనం సుమారు 585 కెల్విన్ల వరకు అయస్కాంతంగా నిలబడగా, సీరియం సమ్మేళనం సుమారు 424 కెల్విన్ల వద్దనే ఆ గుణాన్ని కోల్పోతుంది. దిశను పట్టి ఉంచే శక్తి కూడా దానిలో తక్కువ. రెండు పాళ్ళ ఇనుముతో సీరియం ఏర్పరచే సరళ సమ్మేళనంలో ఈ బలహీనత మరింత బయటపడుతుంది. 4ఎఫ్ ఎలక్ట్రాన్లే లేని ఇట్రియం అదే తరహా సమ్మేళనంలో 500 కెల్విన్లు దాటేవరకు అయస్కాంతత్వాన్ని నిలుపుతుండగా, సీరియం సమ్మేళనం సుమారు 230 కెల్విన్ల వద్దనే చేతులెత్తేస్తుంది. చెకుముకి లోహంలో ఇనుము పక్కన చేరిన సీరియం కథకు ఇది శాస్త్రీయమైన కొనసాగింపు.

ఇక్కడే కోనసీమ ఇసుకకు ఈ భౌతికశాస్త్రంతో సంబంధం ఏర్పడుతుంది. భారతీయ మోనజైట్‌లోని విరళ మృత్తికలలో దాదాపు సగం సీరియం. నియోడిమియం ఐదో వంతుకు అటూఇటూ, సమారియం 3 శాతం లోపు. అవి ఒకే రేణువులో కలిసి ఉంటాయి గనుక కోరుకున్నదాన్ని మాత్రమే తవ్వి తీయడం సాధ్యం కాదు. ఒక పాలు నియోడిమియం కోసం రెండు పాళ్ళకు పైగా సీరియం వెలికి వస్తుంది. గాజును మెరుగుపెట్టే పొడిగా, వాహనాల పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకంగా, చెకుముకి రాళ్ళుగా దానికి ఉపయోగాలున్నా, ప్రపంచ విపణిలో సీరియం ధర నియోడిమియం ధరకు దరిదాపుల్లో లేదు. విరళ మృత్తికల పరిశ్రమను వేధించే అసమతుల్యత ఇదే.

2023 మే 11న విశాఖపట్నంలో సమారియం–కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం జాతికి అంకితమైంది. మోనజైట్‌లో కొద్దిపాటిగా ఉన్న లోహం కోసం కర్మాగారం నెలకొనగా, అత్యధికంగా ఉన్న లోహానికి ఆ స్థాయి వినియోగం దొరకలేదు. సీరియాన్ని అయస్కాంతాలలో ఉపయోగకరంగా మార్చే ప్రయత్నాలు కొనసాగుతున్నాయి. నియోడిమియంలో కొంత భాగం స్థానంలో సీరియాన్ని, దానితో పాటు పెద్ద పరమాణువు గల లాంథనాన్ని చేర్చి స్ఫటికంలో చోటు పెంచడం, తద్వారా సీరియాన్ని 3 సంయోజకత వైపు నిలపడం వాటిలో ఒక మార్గం. సీరియం స్వభావాన్ని మార్చలేరు గనుక దాని ఇరుగుపొరుగును మార్చడమే ఈ ప్రయత్నాల సారం.

7. ముగింపు

సంయోజకత మూలకానికి మాత్రమే చెందిన గుణం కాదని, మూలకానికి, దాని పరిసరాలకు నడుమ కుదిరే ఒడంబడిక అని విరళ మృత్తికల చరిత్ర నిరూపించింది. మోనజైట్‌లో ఆక్సిజన్ పరమాణువుల నడుమ 3గా స్థిరంగా ఉన్న సీరియం, గాలిలో కాలితే 4 అవుతుంది. ఇనుము పక్కన రెంటికీ మధ్యన నిలుస్తుంది. వెండి పక్కన ఒక తీరుగా, కోబాల్ట్ పక్కన మరొక తీరుగా ఉండే యూరోపియం కూడా ఇదే చెబుతుంది.

ఈ అవగాహన తీరప్రాంత విధానాలకు కూడా అవసరమైనదే. కోనసీమలో ఇసుక దిబ్బ కేవలం ఖనిజ నిక్షేపం కాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను వేయికి పైగా ప్రాణాలను, లెక్కకు మించిన కొబ్బరి చెట్లను బలిగొన్న నేల ఇది. సముద్రానికి, ఊరికి మధ్య ఇక్కడ నిలిచే సహజమైన అడ్డు ఆ దిబ్బే. దానిని తవ్వడమా, నిలుపుకోవడమా అన్న నిర్ణయానికి వచ్చేవారు నిల్వలను టన్నులలో చూపే పట్టికతో సరిపెట్టుకోరాదు. ఆ టన్నులలోని విరళ మృత్తికలలో దాదాపు సగం సీరియమని, దాని విలువ ఇసుకలో కాక, దానికి తగిన పొరుగు లోహాన్ని కూర్చగల ప్రయోగశాలలో నిర్ణయమవుతుందని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ విద్య చేతికి వచ్చేదాకా తవ్వి తీసిన సీరియంలో అధికభాగం గోదాములో నిల్వగానే మిగులుతుంది. తవ్విన దిబ్బను మాత్రం నది, సముద్రం తమ కాలక్రమంలోనే తిరిగి కట్టాలి.